మీ ప్రశ్న – మా జవాబు: శాతం రాసేది డాక్టరు, పింఛను రాసేది తహసీల్దారు

ప్రశ్న: మా ఆయనకు నాలుగు నెలల కింద పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పనిచేయడం లేదు, మాట తడబడుతోంది. సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్, పింఛను రెండూ ఒకేసారి పెట్టుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, ముషీరాబాద్

జవాబు: ఒకేసారి కుదరదమ్మా. ముందు సర్టిఫికెట్, అది చేతికొచ్చాకే పింఛను. చాలామంది ఈ రెండు ఆఫీసుల మధ్య తిరిగి విసిగిపోయేది ఈ సంగతి ఎవరూ చెప్పకపోవడం వల్లే. డాక్టర్లు వైకల్యం శాతం తేలుస్తారు, వాళ్లకు పింఛనుతో సంబంధం లేదు. తహసీల్దార్ ఆఫీసు ఆదాయం, చిరునామా చూస్తుంది, శాతాన్ని మార్చలేదు.

ఇంకో రెండు నెలలు ఆగండి. పక్షవాతం వచ్చిన ఆరు నెలల దాకా చెయ్యి, కాలు కొంత కోలుకునే అవకాశం ఉంటుంది కాబట్టి ఆలోపు వెళ్తే మెడికల్ బోర్డు మళ్లీ రమ్మంటుంది. ఈలోగా కాగితాలు సర్దుకోండి: ఆసుపత్రి డిశ్చార్జ్ సమ్మరీ, సీటీ లేదా ఎంఆర్ఐ రిపోర్టు, ఇప్పుడు వాడుతున్న మందుల చీటీలు, ఆధార్, ఫొటో. ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ తప్పుంటే ముందే దిద్దించండి. సర్టిఫికెట్ మీద పడేది ఆ వివరాలే.

2025 నుంచి తెలంగాణలో సదరం స్థానంలో యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు కార్డు) వచ్చింది. అందరూ ఇంకా సదరం అనే అంటారు, ఫరవాలేదు. స్వావలంబన్ పోర్టల్‌లో సొంతంగానో, మీసేవలోనో నమోదు చేసి ఆసుపత్రిని ఎంచుకోవాలి. ఇక్కడ ఒక్క జాగ్రత్త: మీ సొంత ఫోన్ నంబరే రాయించండి. సెంటర్ కుర్రాడి నంబరు పెడితే పిలుపు మెసేజీ అతని ఫోనుకు వెళ్తుంది, మీ తేదీ దాటిపోయాక తెలుస్తుంది. ఎన్‌రోల్‌మెంట్ నంబరున్న రశీదు దాచుకోండి. పరీక్షకు మనిషి స్వయంగా రావాలి. చెయ్యీ కాలూ చూసి వదిలేస్తే, మాట తడబాటు సంగతి మీరే అడిగి నమోదు చేయించండి. లోపాలు రెండున్నా శాతాలను నేరుగా కూడరు, సూత్రం ప్రకారం కలుపుతారు. 40కి 30 కలిపి 70 రాలేదని కంగారు పడొద్దు.

సర్టిఫికెట్‌లో ‘తాత్కాలికం’ అని ఉంటే గడువు తేదీని క్యాలెండర్‌లో రాసుకుని, మూడు నెలల ముందే పునఃపరీక్షకు వెళ్లండి. ఆగిపోయిన పింఛన్లలో గడువు తీరిన సర్టిఫికెట్లవి తక్కువేమీ కాదు.

ఆ తర్వాత ముషీరాబాద్ మండల తహసీల్దార్ ఆఫీసు. రెవెన్యూ మండలం వేరు, జీహెచ్ఎంసీ సర్కిల్ వేరు, ఇల్లు ఏ మండలంలో పడుతుందో ముందు తేల్చుకోండి. సర్టిఫికెట్, ఆధార్, ఆహారభద్రత కార్డు, ఆదాయ ధ్రువీకరణ, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ జిరాక్సులు ఇవ్వాలి. పట్టణాల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 2 లక్షలు దాటకూడదు. రాష్ట్ర ప్రభుత్వ ఆసరా పథకం కింద దివ్యాంగుల పింఛను 2023 జూలైలో 3,016 నుంచి 4,016 రూపాయలకు పెరిగింది. రశీదు లేకుండా అర్జీ ఇచ్చి రావొద్దు. కదలిక లేకపోతే ఆ రశీదు జిరాక్సుతోనే సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో అడగాలి.

ప్రశ్న: నాకు ఎడమ చెవి బాగా తగ్గింది. 45 శాతం అని రాశారు. 40 దాటితే పింఛను అన్నారు కదా, తిరస్కరించారు. ఎందుకు?
– ఒక పాఠకుడు, ఆసిఫ్‌నగర్

జవాబు: 40 శాతం నిబంధన మిగతా వైకల్యాలకు. వినికిడికి ఆసరాలో కనీసం 51 ఉండాలి. తిరస్కరించిన వాళ్లు తప్పు చేయలేదు.

45 ఎలా వచ్చిందో చూడండి. బాగా వినిపించే చెవి శాతాన్ని 5తో గుణించి, రెండో చెవిది కలిపి, 6తో భాగిస్తారు. మంచి చెవి 40, చెడ్డది 70 అయితే 200కు 70 కలిపి 270, దాన్ని 6తో భాగిస్తే 45. అందుకే ఒక చెవి ఎంత పోయినా శాతం పెద్దగా లేవదు. ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష రిపోర్టు) మీద రెండు చెవుల అంకెలు వేసి ఈ లెక్క మీరే చేసుకోండి. తేడా వస్తే, లేదా పరీక్ష సరిగ్గా జరగలేదనిపిస్తే, 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 59వ సెక్షన్ కింద అప్పీలుకు వెళ్లవచ్చు. కోఠి ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిలో కొత్త ఆడియోగ్రామ్ తీయించుకుని దానితో వెళ్తే బలం ఉంటుంది.

పింఛను రాకపోయినా కార్డు పారేయకండి. 40 నుంచి 80 లోపు వారికి పసుపు కార్డు వస్తుంది (80, ఆపైన నీలం, 40 లోపు తెలుపు). ఉద్యోగాల రిజర్వేషన్‌కు అది పనికొస్తుంది. పాత ఆదాయపు పన్ను విధానంలో వైకల్యం కింద 75,000 రూపాయల మినహాయింపు ఉంది.

ప్రశ్న: మా అబ్బాయికి బుద్ధిమాంద్యం. పదేళ్లప్పుడు తీసుకున్న సర్టిఫికెట్ ఉంది. వచ్చే నెల 18 నిండుతాయి. కొత్తగా ఏం చేయాలి?
– ఒక తల్లి, సైదాబాద్

జవాబు: రెండు పనులున్నాయి. బుద్ధిమాంద్యం సర్టిఫికెట్‌ను 5, 10, 18 ఏళ్లకు తిరగరాయిస్తారు. 18కి వచ్చేదే జీవితాంతం చెల్లుతుంది. పాత ఐక్యూ రిపోర్టు వెంట తీసుకెళ్లండి.

రెండోది చాలా ఇళ్లలో మరిచిపోయేది. 18 నిండాక చట్టం దృష్టిలో అతను మేజరు, తల్లిదండ్రులు కన్నందుకే సంరక్షకులు కారు. బ్యాంకులో ఖాతా, ఆస్తి వ్యవహారం వచ్చినప్పుడు ‘గార్డియన్ పత్రం ఏదీ?’ అని ఆపేస్తారు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా కలెక్టర్ అధ్యక్షతన స్థానిక స్థాయి కమిటీ ఉంటుంది, సంరక్షకత్వానికి అక్కడ దరఖాస్తు పెట్టండి. అబ్బాయి సర్టిఫికెట్, వయసు ధ్రువీకరణ, మీ ఇద్దరి ఆధార్ సిద్ధం చేసుకోండి. అదే చట్టం కింద నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా ఉంది. ఇప్పటిదాకా చేర్చకపోతే ఇదే సందర్భంలో ఆ పని కూడా పూర్తి చేయండి.