పల్లవి తిరిగి వచ్చినప్పుడల్లా

చిట్టితల్లీ,

నీ మెసేజ్ చూశాను. "ఒకటే వరస అయిదుసార్లా పెద్దమ్మా, సగం తీసేసి పాడితే ఏమవుతుంది?" అని అడిగావు. తీసేయకు. ఫ్రాన్స్ లియాన్‌లో ఇరవై ఏళ్ళు ఈ పాత పాటలు పాడినదాన్ని, నా మాట విను.

మీ గ్రూపు ఎంచుకున్న 'ద ప్లుజాం ప్లు' బ్యాంష్వా అనే స్వరకర్త కట్టిన ఫ్రెంచి ప్రేమపాట. ఆయన బర్గండీ ప్రభువు ఫిలిప్ ది గుడ్ కొలువులో గాయకుడు, 1460లో పోయాడు. మన అన్నమయ్య అప్పటికే పదాలు కడుతున్న కాలం. ఆ కొలువుల్లో ప్రేమపాటకి రోందో అనే కట్టడి ఉండేది. సంగీతం రెండే ముక్కలు. పల్లవి అయిదు పాదాల్లో మూడు మొదటి ముక్కకి, రెండు రెండోదానికి. నిండు పల్లవి అయ్యాక మొదటి ముక్క వరసలోనే మూడు కొత్త పాదాలు, వెంటనే సగం పల్లవి, తర్వాత మొత్తం వరసలో అయిదు కొత్త పాదాలు, ఆఖర్న మళ్ళీ నిండు పల్లవి. మొత్తం 21 పాదాలు.

ఇప్పుడు మాటలు చూడు. "నిన్ను చూడాలన్న కోరిక అంతకంతకీ కొత్తదవుతోంది" అని పల్లవే చెబుతోంది కదా! మొదటిసారి అది వట్టి కోరిక. కొత్త పాదాల్లో ప్రేమికుడు "నేనేదీ దాచుకోలేదు, నీ మాట జవదాటను" అంటాడు. ఆ వెంటనే వచ్చే సగం పల్లవి ఒట్టు పెట్టినట్టుంటుంది. ఆపైన "నువ్వు కఠినంగా ఉంటే చచ్చిపోవాలనిపిస్తుంది" అంటాడు. అది విన్న చెవికి అదే పల్లవి మళ్ళీ తగిలితే ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించుకో. మధ్యలోవి కోసేస్తే ఈ మార్పంతా పోతుంది.

అందరూ తడబడేది మొదటి ముక్క చివర. అక్కడికి అయిదుసార్లు చేరతావు: మూడుసార్లు రెండో ముక్కలోకి ముందుకెళ్ళాలి, రెండుసార్లు మొదటి ముక్క మొదటికే వెనక్కి తిరగాలి. ఒక కచేరీలో నేను ముందుకెళ్ళిపోయాను, టెనర్, అంటే కింది గొంతు పాడే అతను, వెనక్కి తిరిగాడు. ఆ రెండు క్షణాల అపశ్రుతి నాకింకా చెవిలో ఉంది. అప్పట్నించీ ప్రతి రోందో 21 పాదాలూ చేత్తో పూర్తిగా రాసుకుని, వారంపాటు మాటలుగా చదివాకే పాడేదాన్ని. నువ్వూ అలాగే చెయ్యి. జిరాక్స్ కాపీలో బాణం గుర్తుల్ని నమ్ముకోకు.

ఉచ్చారణ గురించి ఒక్క మాట. 'బెల్', 'నువెల్' అని ఫ్రెంచివాళ్ళు మాటల్లో మింగేసే చివరి అచ్చుకి పాటలో సొంత స్వరం ఉంది. దాన్ని పలుకు, కానీ నొక్కకు. అచ్చుతో ముగించడం మనకి పుట్టుకతో వచ్చిందే.

పై గొంతు నీదే, అది స గ ప అని మెట్లెక్కుతూ మొదలవుతుంది. అక్కడ గొంతు పెంచాలనిపిస్తుంది, టెన్షన్‌లో ఇంకా ఎక్కువ. పెంచకు. ముందు టెనర్‌తో ఇద్దరే పాడండి. మీ రెండు గొంతులూ శ్రుతిలో కుదిరాకే మూడో గొంతుని పిలవండి. ఈ పాట పెద్ద హాలుకి కట్టింది కాదు, పక్కనున్న మనిషికి చెప్పుకున్నది.

ఆదివారం ఫోన్ చెయ్యి. టెనర్ పాడే అబ్బాయిని కూడా కూర్చోబెట్టు. మొదటి ముక్క చివర నుంచే మొదలుపెడదాం.

మీ పెద్దమ్మ