ఇంగ్లీషు సందేహాలు: ఎక్కడ "దాన్", ఎక్కడ "టు"?

ప్రశ్న: నమస్తే మేడం. డిగ్రీ అయిపోయింది, జాబ్స్‌కి ట్రై చేస్తున్నా. మొన్న ఒక ఇంటర్వ్యూలో హైదరాబాదా బెంగళూరా, ఏ లొకేషన్ కావాలి అని అడిగితే "ఐ ప్రిఫర్ మోర్ హైదరాబాద్ దాన్ బెంగళూర్" అన్నాను. బయటికొచ్చాక ఫ్రెండ్ అది తప్పు అంది. గుడ్, బెటర్, బెస్ట్ నిద్రలో లేపి అడిగినా చెప్తా, కానీ నాకేది ఇష్టమో చెప్పాల్సొచ్చినప్పుడే తడబడతా. ఎక్కడ ఏది వాడాలో కాస్త చెప్తారా?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ ఫ్రెండ్ చెప్పింది కరెక్టే అమ్మా, కానీ ఇది మీ ఒక్కరికే జరిగేది కాదు, తెలుగులో అనుకుని ఇంగ్లీషులో చెప్పేవాళ్లలో చాలామంది నోట ఇదే వస్తుంది. "కాఫీ కంటే టీ ఇష్టం" అంటాం కదా, అందులో ఇష్టం అన్న మాట ఏమీ మారలేదు చూడండి, పోలిక మొత్తం ఆ "కంటే" ఒక్కటే మోస్తోంది. అదే అలవాటుతో "ఐ లైక్ టీ దాన్ కాఫీ" అనేస్తాం. ఇంగ్లీషులో దాన్ ఒక్కటే ఆ పని చెయ్యలేదు, దానికి ముందు బెటర్ అనో మోర్ అనో పోలిక చెప్పే మాట ఒకటి ఉండి తీరాలి. "ఐ లైక్ టీ బెటర్ దాన్ కాఫీ" అన్నా సరే, "మోర్ దాన్ కాఫీ" అన్నా సరే. రెండూ కలిపి "మోర్ బెటర్" మాత్రం వద్దు. షేక్‌స్పియర్ కాలంలో అలా రాసేవాళ్లు గానీ ఇప్పుడు ఎవరు విన్నా తప్పనే అంటారు.

ప్రిఫర్ కథ వేరు. అది లాటిన్ నుంచి వచ్చిన మాట, ఒకదాన్ని ఇంకోదాని కంటే ముందు పెట్టడం అని దాని అసలు అర్థం. అంటే పోలిక ఆ మాటలోనే ఉంది, మళ్లీ మోర్ ఎందుకు? తర్వాత వచ్చేది కూడా దాన్ కాదు, టు. "ఐ ప్రిఫర్ హైదరాబాద్ టు బెంగళూర్", "ఐ ప్రిఫర్ వాకింగ్ టు డ్రైవింగ్". సీనియర్, జూనియర్, సుపీరియర్, ఇన్‌ఫీరియర్ కూడా లాటిన్ నుంచి వచ్చినవే, వాటికీ టు నే. ఆఫీసుల్లో "హి ఈజ్ సీనియర్ దాన్ మీ" అని తెగ వినిపిస్తుంది, అది "సీనియర్ టు మీ" అని ఉండాలి.

మీ ఇంటర్వ్యూకైతే "ఐ వుడ్ ప్రిఫర్ హైదరాబాద్" చాలు. బెంగళూరు పేరే ఎత్తక్కర్లేదు, ఆ వుడ్ వల్ల మర్యాదగా కూడా ఉంటుంది. కొంతమంది "ఐ వుడ్ రాదర్ వర్క్ ఇన్ హైదరాబాద్ దాన్ మూవ్ టు బెంగళూర్" అంటారు. గ్రామర్ పక్కాగా ఉంది, రాదర్ అనేది పాతకాలం ఇంగ్లీషులో బెటర్ లాంటి ఒక కంపారెటివే, అంటే పోలిక చెప్పే మాటే కాబట్టి దాని తర్వాత దాన్ చక్కగా కుదురుతుంది. కానీ వినేవాళ్లకి "బెంగళూరు నాకొద్దు" అన్నట్టు కొంచెం గట్టిగా తగలొచ్చు, అందుకని నేనైతే దాన్ని ఇంటర్వ్యూలో వాడొద్దనే చెప్తా, ఫ్రెండ్స్ దగ్గర హాయిగా వాడుకోండి.

ఇక బెటరా బెస్టా అంటే, రెండే ఉంటే బెటర్, మూడు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే బెస్ట్. పరీక్షలో ఇలాగే రాయండి. మాటల్లో మాత్రం ఇంగ్లీషు వాళ్లే ఈ రూల్‌ని అంత పట్టించుకోరు, ఉన్నవి రెండు కాళ్లే అయినా "బెస్ట్ ఫుట్ ఫార్వర్డ్" అనే అంటారు. మన "అన్నిటికంటే" దగ్గర ఇంకో చిక్కుంది. "ఐ లైక్ తెనాలి బెటర్ దాన్ ఎనీ టౌన్ ఇన్ ఆంధ్ర" అంటే ఆ టౌన్లలో తెనాలి కూడా ఉన్నట్టే కదా, తెనాలిని తెనాలితోనే పోల్చినట్టవుతుంది, అందుకే "ఎనీ అదర్ టౌన్" అనాలి. లేదా సింపుల్‌గా "ఐ లైక్ తెనాలి బెస్ట్" అనేయండి. "మోస్ట్ ఫేవరెట్" కూడా మానేస్తే మంచిది, ఫేవరెట్ అంటేనే అన్నిటికంటే ఇష్టమైనదని కదా.

మీరు తడబడటానికి అసలు కారణం మాత్రం మన స్కూల్ పద్ధతే అని నాకు గట్టిగా అనిపిస్తుంది. "చేంజ్ ది డిగ్రీ" అని ఇచ్చి, "నో అదర్ సిటీ", "వెరీ ఫ్యూ సిటీస్" అంటూ ఒకే వాక్యాన్ని మూడు రకాలుగా మార్పిస్తారు, ఆ రూపాలన్నీ వస్తాయి, మార్కులూ వస్తాయి. కానీ నీకు ఏ పండగ ఎక్కువ ఇష్టం, ఎందుకు అని పిల్లల్ని నిలబెట్టి మాట్లాడించే క్లాసు ఎన్ని స్కూళ్లలో ఉంది? టీచర్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఆ పాఠం వచ్చినప్పుడు ఒక్క పీరియడైనా దీనికి ఇవ్వండి ప్లీజ్.

ప్రశ్న: "దిస్ ఈజ్ వెరీ బెటర్" అని మా మేనేజర్‌కి మెయిల్ పెట్టాను, కరెక్టేనా?
- ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: కాదండీ. వెరీ గుడ్ అనొచ్చు గానీ బెటర్ ముందు వెరీ రాదు, "మచ్ బెటర్" లేదా "ఫార్ బెటర్" అనాలి. అదే బెస్ట్ అయితే "బై ఫార్ ది బెస్ట్".

ప్రశ్న: "షి లైక్స్ క్రికెట్ మోర్ దాన్ హర్ హస్బెండ్" అనే వాక్యానికి మా ఇంట్లో తలా ఒక అర్థం చెప్తున్నారు. ఏది రైట్ మేడం?
- ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: రెండూ రైటే, చిక్కంతా అదే. భర్త కంటే ఆవిడకే క్రికెట్ పిచ్చి ఎక్కువ అని ఒక అర్థం, ఆవిడకి భర్త కంటే క్రికెట్టే ఎక్కువ అని ఇంకో అర్థం. మొదటిదే మీ ఉద్దేశమైతే చివర "డజ్" చేర్చి "మోర్ దాన్ హర్ హస్బెండ్ డజ్" అనండి, అప్పుడు ఇంకోలా అనుకునే వీలుండదు.