డిగ్రీలో నక్షత్రాల జీవితచక్రం ఎలక్టివ్ తీసుకోవచ్చా? లెక్కలు కష్టమా?

తీసుకో తమ్ముడూ. జమ్మికుంటలో డిగ్రీ రెండో సంవత్సరమని, ఇంటర్ దాకా తెలుగు మీడియమని, ఈ ఎలక్టివ్‌లో లెక్కలంటే భయంగా ఉందని రాశావు. నేను హన్మకొండలో ఇలాంటి కోర్సే చదివాను, నాదీ తెలుగు మీడియమే. ఘాతాంకాలు, లాగరిథమ్‌లు వస్తే చాలు, మొదటి కోర్సులో అంతకుమించి పెద్దగా ఉండదు. అసలు ఇబ్బంది ఇంకోచోట ఉంది, అదీ చెప్తా.

కోర్సంతా ఒక్క విషయం మీద నడుస్తుంది. పుట్టినప్పుడు చుక్కకు ఎంత ద్రవ్యరాశి ఉందో దాన్నిబట్టే అది ఎన్నాళ్లు బతుకుతుందో, ఎలా పోతుందో చాలావరకు తేలిపోతుంది. క్లాసులో ఇది మొదట్లోనే చెప్పేస్తారు, అందరూ రాసుకుని ముందుకు పోతారు. నువ్వు మాత్రం అక్కడ ఆగి లెక్క వేసి చూడు. సూర్యుడికి పది రెట్ల ద్రవ్యరాశి ఉంటే ఇంధనం పది రెట్లు. కానీ వెలుగు సుమారు మూడున్నర ఘాతంలో పెరుగుతుంది కాబట్టి ఖర్చు 3,000 రెట్లు. అంటే ఆయుష్షు సూర్యుడి దాంట్లో మూడువందలో వంతు. సూర్యుడికి 1,000 కోట్ల ఏళ్లయితే దానికి మూడు కోట్లే. ఇప్పుడు సూర్యుడిలో సగం ద్రవ్యరాశి పెట్టి చెయ్యి, 5,600 కోట్ల ఏళ్లు వస్తుంది. విశ్వం వయసే 1,380 కోట్ల ఏళ్లు! అంటే ఒంటరిగా పుట్టిన అలాంటి చుక్క ఇప్పటిదాకా ఒక్కటి కూడా ముసలిది కాలేదు. ఈ లెక్క నోట్‌బుక్‌లో తేలిన రోజు నాకు ఒళ్లు జలదరించింది. సబ్జెక్టు మీద ఇష్టం అక్కడే మొదలైంది.

ఇక ఇబ్బంది సంగతి. అది హెచ్-ఆర్ డయాగ్రమ్, అంటే చుక్కల ఉష్ణోగ్రతను అడ్డంగా, వెలుగును నిలువుగా పెట్టి గీసే పటం. ఉష్ణోగ్రత కుడినుంచి ఎడమకు పెరుగుతుంది. పైకి పోయేకొద్దీ వెలుగు ఎక్కువ, కానీ మాగ్నిట్యూడ్ (వెలుగును కొలిచే అంకె) తగ్గుతుంది. ఈ రెండు తలకిందులు వ్యవహారాలకు అలవాటు పడేసరికే సగం సెమిస్టర్ అయిపోతుంది. ఇంకోటి, చుక్క మెయిన్ సీక్వెన్స్ (కేంద్రంలో హైడ్రోజన్‌ను మండించే దశ) వదిలి కుడివైపు, పైకి వెళ్తుంది అని రాసి ఉంటుంది. అది ఆకాశంలో ప్రయాణం కాదు. దాని ఉపరితలం చల్లబడుతోంది, వెలుగు పెరుగుతోంది, అంతే. మా క్లాసులో బాగా చదివేవాళ్లు కూడా దీన్ని పరీక్షలో తప్పు రాశారు. గ్రాఫ్ పేపర్ మీద ఓ ఇరవై చుక్కలు నీ చేత్తో పెట్టుకో. సూర్యుడు, శిరియస్, రైజెల్, రోహిణి, ఆరుద్ర తప్పకుండా ఉండాలి.

కోట్ల ఏళ్లు బతికే చుక్కల జీవితాన్ని అరవై ఏళ్ల మనిషి ఎట్ల కనిపెట్టాడని అడిగావు కదా. మేడారం జాతరకు ఒక్కపూట వచ్చిన కొత్త మనిషి చంకలో పిల్లల్ని, బెల్లం మోసే పడుచువాళ్లను, కర్ర పట్టుకున్న ముసలివాళ్లను చూసి మనిషి జీవితం ఎలా సాగుతుందో అల్లుకోగలడు. ఇదీ అంతే. ఒకే చుక్కను చివరిదాకా చూడక్కర్లేదు, రకరకాల వయసులవాటిని ఒకేసారి చూస్తే చాలు.

అవి చలికాలంలో మన నెత్తిమీదే ఉంటాయి. జనవరిలో అమావాస్య దగ్గర్లో రాత్రి తొమ్మిదింటికి ఊరి డాబా ఎక్కు (హన్మకొండ లైట్లలో సగం కనబడవు, నేను పరకాల వైపు మా అమ్మమ్మ ఊరికి పోయేవాణ్ణి). దాదాపు నడినెత్తిన కృత్తిక, మన పెద్దోళ్లు పిల్లలకోడి అనే గుంపు. వయసు సుమారు పదికోట్ల ఏళ్లు, అంటే చుక్కల్లో పసివాళ్ల కిందే లెక్క. దాని పక్కన నారింజ రంగులో రోహిణి. కేంద్రంలో హైడ్రోజన్ అయిపోయి ఉబ్బిన చుక్క. ఆగ్నేయంగా ఓరియన్, వేటగాడి ఆకారంలో ఉండే గుంపు, దాని నడుము దగ్గర వరసగా మూడు చుక్కలు. వాటికింద పొగమచ్చలా కనబడేది నెబ్యులా (వాయువు, ధూళి మేఘం), సుమారు 1,300 కాంతి సంవత్సరాల దూరంలో ఇప్పుడు కూడా అక్కడ చుక్కలు పుడుతున్నాయి. ఇంకా కింద శిరియస్. దాని జంట వైట్ డ్వార్ఫ్, అంటే ఇంధనం అయిపోయాక మిగిలిన చుక్క కేంద్రం, మామూలు కంటికి కనబడదు. ద్రవ్యరాశి సూర్యుడంత, సైజు భూమంత.

మూడు చుక్కలకు పైన ఎడమవైపు ఎర్రగా ఉండేది ఆరుద్ర. దాని ఉపరితలం 3,500 కెల్వినే, సూర్యుడిది 5,800. చదరపు మీటరుకు ఇచ్చే శక్తి సూర్యుడిలో ఏడో వంతు కూడా ఉండదనుకో. కానీ వ్యాసార్థం 700 రెట్లని తీసుకుని స్టెఫాన్ సూత్రంలో (వెలుగు ఉపరితల వైశాల్యాన్ని, ఉష్ణోగ్రత నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది) పెట్టి చూడు, వెలుగు 60 వేల రెట్లు దాటుతుంది. 2020 ఫిబ్రవరిలో ఇది బాగా మసకబారింది. మామూలుగా రోహిణి కంటే మెరిసేది, అప్పుడు ఓరియన్ రెండో భుజం మీది చుక్క బెల్లాట్రిక్స్‌తో సమానమైపోయింది. డాబా మీద రెండింటినీ మార్చిమార్చి చూశాను. రేపో ఎల్లుండో పేలిపోతుందని వాట్సాప్‌లో తెగ తిరిగింది. చుక్క తనే వెళ్లగక్కిన వాయువు చల్లారి ధూళిగా మారి అడ్డం నిలిచిందని తర్వాత తేలింది. పేలడం మాత్రం ఖాయం, లక్ష ఏళ్లలోపు ఎప్పుడైనా. జూన్‌లో, ఆరుద్ర కార్తెలో, చెలకల్లో ఎర్ర పురుగులు కనబడేటప్పుడు దీనికోసం వెతక్కు. అప్పుడు సూర్యుడు దాని దగ్గర్లోనే ఉంటాడు, కనబడదు.

సిలబస్‌లో చంద్రశేఖర్ పరిమితి వస్తుంది, అంటే వైట్ డ్వార్ఫ్‌కు ఉండగల గరిష్ఠ ద్రవ్యరాశి, సూర్యుడికి 1.4 రెట్లు. 1930లో, పందొమ్మిదేళ్ల వయసులో, ఇంగ్లండ్ పోయే ఓడలో ఆయన ఈ లెక్క మొదలుపెట్టాడు. నోబెల్ వచ్చింది 1983లో. మేఘనాద్ సాహా 1920లో ఇచ్చిన సమీకరణాన్ని (ఏ ఉష్ణోగ్రతలో ఎన్ని అణువులు ఎలక్ట్రాన్ కోల్పోతాయో చెప్పేది) మాత్రం వదిలెయ్యకు. దాని ఆధారంగానే 1925లో సిసీలియా పేన్ చుక్కల్లో ఎక్కువ ఉండేది హైడ్రోజన్ అని చూపించింది. ఆ రెండూ చదివితే ఉష్ణోగ్రతను బట్టి చుక్కలను విడగొట్టే ఓ, బి, ఏ, ఎఫ్, జి, కె, ఎం వరస బట్టీ పట్టే పని ఉండదు.

టెలిస్కోప్ కొనకు. 10x50 బైనాక్యులర్ దొరికితే మంచిది, లేకపోయినా నడుస్తుంది. సెమిస్టర్ ఎంచుకునే వీలుంటే డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా నడిచేదే తీసుకో. వానాకాలం సెమిస్టర్‌లో అయితే మబ్బులకు ఒక్క చుక్కా సరిగా దొరకదు.