పాత ఇంగ్లీషు పత్రికల్లో ‘ఇన్‌స్టంట్’ అంటే ఏమిటి?

19వ శతాబ్దపు ఇంగ్లీషు వార్తల్లో ‘10వ ఇన్‌స్టంట్’ అని కనిపిస్తే కంగారు పడకండి. వెంటనే అనే అర్థానికీ, కాఫీ పొడికీ దానితో పని లేదు. ఈ నెల 10వ తేదీ అని అర్థం, అంతే. ‘ప్రస్తుత మాసంలో’ అనే లాటిన్ ప్రయోగం నుంచి వచ్చింది. అచ్చులో చోటు కలిసిరావాలని ‘ఇన్‌స్ట్.’ అని కుదించేవారు. దాని తోబుట్టువులు రెండు: గత నెలకు ‘అల్టిమో’, వచ్చే నెలకు ‘ప్రాక్సిమో’. అంటే 1850 మార్చి 3 నాటి పత్రికలో ‘28వ అల్ట్.’ అని ఉంటే అది ఫిబ్రవరి 28.

అసలు చిక్కు మరోచోట ఉంది. ఆ రోజుల్లో దూరదేశపు కబుర్లు ఓడల మీద ఉత్తరాలుగా వచ్చేవి. వాటిని చాలాసార్లు ఉన్నది ఉన్నట్టే అచ్చువేసేవారు. కలకత్తాలో జనవరిలో రాసిన ఉత్తరం లండన్ పత్రికలో మార్చిలో వచ్చిందనుకోండి, అందులోని ‘ఇన్‌స్టంట్’ జనవరే, మార్చి కాదు. అందుకే పత్రిక తేదీ కాదు, ఉత్తరం తల మీది తేదీ చూడాలి. పాత పత్రికలు తిరగేసేవాళ్లు తరచూ తప్పటడుగు వేసేది ఇక్కడే.

బ్రిటిష్ కాలపు ఆఫీసు ఉత్తరాల్లోనూ ఈ మాటలు విరివిగా ఉండేవి. ఇంగ్లీషు వార్తల్లో ఇప్పుడవి దాదాపు లేవు. మన తెలుగు పత్రికలు మాత్రం ‘ఈ నెల 10న’, ‘గత నెల 28న’ అని నేటికీ హాయిగా రాసుకుంటున్నాయి.