స్టెమ్‌సెల్స్ సంగతి తర్వాత.. ముందు రాత్రి ఇన్సులిన్ సంగతి చూడండి

ప్రశ్న: మా పాపకు తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. కిందటేడు ఉన్నట్టుండి చిక్కిపోయింది, రాత్రిళ్లు పక్క తడపడం మొదలుపెట్టింది. ఆస్పత్రిలో చూపిస్తే టైప్-1 డయాబెటిస్ అన్నారు. పగలు మూడు, రాత్రి ఒకటి, మొత్తం నాలుగు ఇన్సులిన్ ఇంజెక్షన్లు రాశారు. రెండు నెలలకే షుగర్ బాగా తగ్గింది. బంధువులు చెప్పిన మూలికల పొడి కూడా వాడుతున్నాం కదా, దానివల్లే తగ్గిందని రాత్రి ఇంజెక్షన్ మానేశాం. ఈమధ్య పరగడుపున 220, 240 చూపిస్తోంది. వారంలో రెండు మూడు రోజులు పొద్దున్నే కడుపునొప్పి అంటోంది, ఒక్కోసారి వాంతి చేసుకుంటోంది. గ్యాస్ అనుకుని సిరప్ పోస్తున్నాం. మా మరిది డాలస్‌లో ఉంటాడు. ఈ జబ్బు పూర్తిగా నయమయ్యే మందు కోసం జరిగే పరిశోధనలకు అక్కడ ఏటా నడక పెట్టి చందాలు పోగుచేస్తారట, అందులో తనూ ఉంటాడు. అలాగే ఆన్‌లైన్‌లో విరాళాలు సేకరించి పాపకు స్టెమ్‌సెల్ చికిత్స చేయిద్దాం అంటున్నాడు. ఒక సెంటర్‌వాళ్లు తొమ్మిది లక్షలు అడిగారు. మూడు విడతలు ఎక్కిస్తే ఇక ఇన్సులిన్ అక్కర్లేదన్నారు. చేయించవచ్చా? పండగలకు పాపకు స్వీట్లు పెట్టొచ్చా?
– ఓ తల్లి, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మా, మీరు అడిగింది స్టెమ్‌సెల్స్ గురించి. నన్ను కంగారుపెట్టింది మాత్రం మధ్యలో మీరు మామూలుగా రాసేసిన విషయం. రాత్రి ఇంజెక్షన్ మానేశారు. పాపకు పొద్దున్నే కడుపునొప్పి, వాంతి. ఈ రెండింటినీ కలిపి చదివాక మీ ప్రశ్న అచ్చయ్యేదాకా ఆగడం మంచిది కాదనిపించి, వెంటనే ఆస్పత్రికి వెళ్లమని పోర్టల్‌వాళ్ల ద్వారా కబురు పంపించాను. అది అందకపోయి ఉంటే ఈ జవాబు పూర్తిగా చదవనక్కర్లేదు, ముందు పాపను తీసుకుని బయల్దేరండి.

టైప్-1 ఉన్న పిల్లల్లో కడుపునొప్పి, వాంతి కనిపిస్తే అది గ్యాస్ అనుకోకూడదు, కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్ల పదార్థాలు) కాదని తేలేదాకా వాటివల్లేనని అనుకోవాలి. మెడికల్ షాపులో మూత్రంలో కీటోన్లు చూసే స్ట్రిప్స్ దొరుకుతాయి. మూత్రంలో ముంచి, డబ్బా మీద రాసినన్ని సెకన్లు ఆగి, పక్కనే ఉన్న రంగులతో పోల్చండి. లేత గోధుమరంగులో ఉంటే కొంత నయం. గులాబీ దాటి ఊదా వైపు మళ్లితే మాత్రం ఆటోనో, అంబులెన్సో, ఏది ముందు దొరికితే అది ఎక్కండి. స్ట్రిప్స్ దొరకలేదని ఇంట్లో కూర్చోవద్దు. రెండోసారి వాంతయినా, ఊపిరి వేగంగా, లోతుగా తీస్తున్నా, నోట్లోంచి మగ్గిన పండు వాసన వస్తున్నా, మత్తుగా పడుకుంటున్నా ఏ పరీక్షా అక్కర్లేదు. అది డయాబెటిక్ కీటోఅసిడోసిస్ కావచ్చు. గంటల్లో ప్రాణం మీదకు వస్తుంది.

రాత్రి ఇంజెక్షన్ ఎందుకు రాశారో మీకు చెప్పే ఉంటారు, హడావుడిలో చెవిన పడి ఉండదు. పగటివి మూడూ తిన్న అన్నం కోసం. రాత్రిది అన్నంతో సంబంధం లేనిది. మనం తిన్నా తినకపోయినా లివర్ రాత్రంతా రక్తంలోకి గ్లూకోజ్ వదులుతూనే ఉంటుంది. ఇన్సులిన్ లేకపోతే ఆ గ్లూకోజ్ కణాల్లోకి పోదు. శరీరం ఆకలితో కొవ్వును కరిగించుకుంటుంది, దాన్నుంచి కీటోన్లు పుడతాయి, రక్తం ఆమ్లంగా మారుతుంది. పాపకు నొప్పి మధ్యాహ్నమో సాయంత్రమో కాకుండా పొద్దున్నే వస్తోందంటే రాత్రంతా ఒంట్లో ఇన్సులిన్ చాలడం లేదనే నా అనుమానం. పాపను చూడకుండా ఇదేనని తేల్చి చెప్పలేను. కానీ వేరే కారణం వెతకడానికి ముందు ఇది కాదని తేల్చుకుని తీరాలి. ఇలాంటి పిల్లల్ని అపెండిక్స్ అనుకుని సర్జన్ దగ్గరకు తీసుకెళ్లిన సందర్భాలూ ఉంటాయి.

మరి షుగర్ తగ్గిందేమిటి అంటారు. పొడి వల్ల కాదు. టైప్-1 బయటపడి ఇన్సులిన్ మొదలుపెట్టాక, అప్పటిదాకా అలసిపోయి ఉన్న కొన్ని బీటా కణాలు (క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలు) కాస్త కోలుకుని కొన్నాళ్లు సొంతంగా ఇన్సులిన్ తయారుచేస్తాయి. మేం దీన్ని హనీమూన్ దశ అంటాం. తొమ్మిదేళ్ల పిల్ల విషయంలో ఈ మాట వాడటం నాకూ ఇబ్బందే, ఏం చేస్తాం, పుస్తకాల్లో అలాగే ఉంది. కొందరికి వారాలు, కొందరికి నెలలు, ఏడాది దాటి ఉండేవాళ్లు తక్కువ. ఈ దశలో డోసు బాగా తగ్గుతుంది. ఎంత తగ్గించాలో డాక్టర్ చెబుతారు, మానేయమని మాత్రం చెప్పరు. ఇప్పుడు పరగడుపున 220, 240 వస్తోందంటే ఆ దశ అయిపోతున్నట్టే లెక్క. పొడి ఎంత పెంచినా ఆ కణాలు తిరిగి రావు. వాటిని పాప సొంత రోగనిరోధక వ్యవస్థే ధ్వంసం చేస్తోంది.

ఇక్కడ కాస్త కోప్పడతాను, ఏమనుకోకండి. మా ఓపీకి వచ్చే తల్లిదండ్రుల్లో చదువుకున్నవాళ్లు, చదువుకోనివాళ్లు అన్న తేడా లేదు, షుగర్ కాస్త తగ్గగానే ముందు చేసే పని ఇంజెక్షన్ మానడం. పిల్లకు సూది పొడవడం ఏ తల్లికైనా కష్టమే, నాకు తెలుసు. కానీ ఇన్సులిన్ రాకముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలు నెలలు, మహా అయితే ఒకటి రెండేళ్లు బతికేవారు. పొడులూ కషాయాలూ అప్పుడూ ఉన్నాయి. 1922 జనవరిలో టొరంటోలో లియోనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల కుర్రాడికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. అప్పటినుంచే ఈ పిల్లలు పెద్దవాళ్లై, చదువుకుని, పెళ్లిళ్లు చేసుకుని, పిల్లల్ని కంటున్నారు. మీరు ఎవర్నీ అడక్కుండా మానేసింది అదే మందును.

పొడి గురించి ఇంకొక్క మాట. అందులో ఏం కలిపారో నాకు తెలియదు, మీకూ తెలియదు. లేబుల్ లేని ‘షుగర్ పొడు’ల్లో అల్లోపతి షుగర్ మాత్రలు దంచి కలిపినవి, సీసంలాంటి లోహాలు ఉన్నవి బయటపడ్డ సంఘటనలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. ఆపేయండి.

ఆస్పత్రి అన్నాను కదా, ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఆగిపోవద్దు. నీరసంగా ఉందని గ్లూకోజ్ సీసా ఎక్కిస్తే ఈ పాపకు ఇంకా చేటు. ఎక్కడికి వెళ్లినా గుమ్మంలోనే ‘టైప్-1, ఇన్సులిన్ మీద ఉంది, రాత్రి డోసు కొన్ని నెలలుగా వేయడం లేదు’ అని చెప్పండి. కీటోన్లు లేవు, పాప హుషారుగా ఉంది అంటే కూడా ఒకటి రెండు రోజుల్లో మొదట చూసిన డాక్టర్‌కు చూపించి రాత్రి డోసు మళ్లీ రాయించుకోండి. పాప బరువు మీరు రాయలేదు, రాసినా ఇక్కడ యూనిట్లు చెప్పను. పాత చీటీ చూసి అప్పటి డోసు మీ అంతట మీరు మొదలుపెట్టవద్దు, డాక్టర్‌కు ఫోన్ చేసి అడిగి వేయండి. రాత్రి ఇన్సులిన్ మళ్లీ మొదలైన కొత్తలో తెల్లవారుజామున షుగర్ పడిపోవచ్చు. రెండింటికో మూడింటికో లేచి ఒకసారి చూడండి. 70 కంటే తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంట ఆగి మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయవద్దు, ఆస్పత్రికే.

ఇన్సులిన్ పెన్నా, సీసానా కూడా మీరు రాయలేదు. సీసా అయితే సిరంజి చూసుకోండి. మన దగ్గర మామూలు సీసాల్లో మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉంటాయి, దానికి ఎర్ర మూత సిరంజి. కొన్ని రకాలు 100 యూనిట్లవి, వాటికి వేరే సిరంజి. 100 మందును 40 సిరంజితో లాగితే రెండున్నర రెట్ల డోసు ఒంట్లోకి పోతుంది. షాపువాడు ఇచ్చాడు కదా అని తెచ్చేసుకోవద్దు. ఎండాకాలంలో కరెంటు పోయే ఊరైతే మందు పాడవకుండా మట్టికుండ ఏర్పాటు చేసుకోండి. ఫ్రిజ్‌లో పెట్టినా డీప్ ఫ్రీజర్‌లో వద్దు. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక చూడ్డానికి బాగానే కనిపిస్తుంది, పనిచేయదు.

ఇప్పుడు మీ తొమ్మిది లక్షల సంగతి. నా సలహా అడిగితే, వద్దు. మన దేశంలో రక్తానికి సంబంధించిన వ్యాధులకు చేసే మూలకణ (స్టెమ్‌సెల్) మార్పిడి తప్ప, మిగతా వాటికి స్టెమ్‌సెల్స్‌ను చికిత్సగా అమ్మకూడదని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. చేస్తే ఆమోదం పొందిన క్లినికల్ ట్రయల్‌గా చేయాలి, అప్పుడు రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. కాబట్టి ఆ సెంటర్‌వాళ్లను ఒక్క ప్రశ్న అడగండి: సీటీఆర్‌ఐలో, అంటే దేశంలోని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో, మీ నమోదు నంబరెంత అని. తొమ్మిది లక్షలకు రసీదు ఇస్తాం, నంబరు మాత్రం లేదు అన్నారంటే అక్కడితో ఆ ముచ్చట వదిలేయండి. ‘ఇక ఇన్సులిన్ అక్కర్లేదు’ అని వాళ్లు అన్నది నిజమని నమ్మి పాపకు పగటి ఇంజెక్షన్లు కూడా ఆపేస్తారేమో అన్నది నా అసలు భయం.

మీ మరిది చెప్పినదాంట్లో నిజం లేదని కాదు. పరిశోధన బాగానే నడుస్తోంది. 2000లో కెనడాలోని ఎడ్మంటన్‌లో దాతల క్లోమం నుంచి తీసిన ఐలెట్ కణాలను (ఇన్సులిన్ తయారుచేసే కణాల గుంపులను) ఏడుగురికి ఎక్కిస్తే వాళ్లు ఇన్సులిన్ మానగలిగారు. 2023లో అమెరికా ఆ తరహా చికిత్స ఒకదానికి అనుమతి ఇచ్చింది. 2025లో ల్యాబ్‌లో మూలకణాల నుంచి తయారుచేసిన ఐలెట్లతో పూర్తి డోసు ఇచ్చిన 12 మందిలో 10 మందికి ఏడాది నాటికి ఇన్సులిన్ అవసరం లేకపోయిందని ఫలితాలు వచ్చాయి. మీ మరిది చూసింది బహుశా అదే. కానీ వాళ్లంతా పెద్దవాళ్లు, షుగర్ పడిపోతున్నా తెలియక స్పృహ తప్పేంత తీవ్రమైన ఇబ్బంది ఉన్నవాళ్లు. పైగా ఎక్కించిన కణాలను శరీరం తిప్పికొట్టకుండా రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడుతూనే ఉండాలి. వాటివల్ల ఇన్ఫెక్షన్లు, కిడ్నీ సమస్యలు. ఎదిగే పిల్లకు ఇన్సులిన్ బదులు ఆ మందులు వాడటం ఈ రోజుకు మంచి బేరం కాదు. పదేళ్ల తర్వాత ఏమవుతుందో అప్పుడు చూద్దాం. అప్పటిదాకా కళ్లు, కిడ్నీలు దెబ్బతినకుండా పాపను కాపాడుకుంటే, నిజంగా చికిత్స వచ్చిన రోజున దాన్ని అందుకునే ఆరోగ్యం పాపకు ఉంటుంది.

మీ మరిది చేసే నడక వేరు, ఈ తొమ్మిది లక్షలు వేరు, రెండింటినీ కలపకండి. అమెరికాలో 1970లో ఇలాంటి పిల్లల తల్లిదండ్రులే కలిసి ఒక సంస్థ పెట్టుకున్నారు, జేడీఆర్ఎఫ్ అనేవారు, 2024 నుంచి బ్రేక్‌త్రూ టీ1డీ అంటున్నారు. నడకలు పెట్టి పోగుచేసిన డబ్బు పరిశోధకులకు వెళుతుంది, ఏ ఒక్క పిల్ల ఆస్పత్రి బిల్లుకూ కాదు. ఆయన అది మానక్కర్లేదు. పాప కోసం విడిగా సేకరించాలనుకుంటే, నిజంగా ఖర్చయ్యేది ఎక్కడో చూడండి: మీటర్ స్ట్రిప్స్, కీటోన్ స్ట్రిప్స్, మంచి రకం రాత్రి ఇన్సులిన్, కుదిరితే షుగర్ చూపించేందుకు చేతికి అంటించే రెండు వారాల సెన్సర్, షుగర్ మరీ పడిపోయినప్పుడు పెంచడానికి, అత్యవసరానికి గ్లూకగాన్ మందు. ఇవి నెలనెలా ఉండే ఖర్చులు, ఒకేసారి లక్షలు వచ్చి పడితే తీరేవి కావు. డాలస్ నుంచి నెలకింతని వస్తే మీకు ఎక్కువ ఉపయోగం. అంతకంటే ముందు ప్రభుత్వ ఆస్పత్రిలో అడగండి. హైదరాబాద్‌లో నిమ్స్, ఉస్మానియాల్లో ఎండోక్రైనాలజీ విభాగాలున్నాయి. టైప్-1 పిల్లలకు ఉచితంగా ఇన్సులిన్ ఇచ్చే పథకాలు కొన్ని ఆస్పత్రుల్లో నడుస్తున్నాయి, మీకు దగ్గర్లో ఉందేమో కనుక్కోండి.

ఆన్‌లైన్ పేజీ పెట్టేట్టయితే పాప ఫొటో, పేరు, బడి వివరాలు పెట్టకండి. సూదితో ఉన్న ఫొటో పెడితే చందాలు ఎక్కువ వస్తాయని ఎవరో ఒకరు చెబుతారు. ఆ ఫొటో మీరు తీసేసినా ఎక్కడో ఒకచోట ఉంటుంది, రేపు క్లాసులో పిల్లలు చూస్తారు. తొమ్మిదేళ్ల పిల్లకు తన అభిప్రాయం ఉంటుంది, ఒకసారి అడగండి.

బడి మాట వచ్చింది కాబట్టి, టీచర్‌కు జబ్బు సంగతి చెప్పారా? మధ్యాహ్నం ఇంజెక్షన్ ఎవరు వేస్తున్నారు? మీ ప్రశ్నలో ఆ ఊసే లేదు. అది కూడా సగం రోజులు తప్పిపోతోందేమోనని నాకు అనుమానం. పాప బ్యాగులో గ్లూకోజ్ బిళ్లలో, పంచదార పొట్లమో ఎప్పుడూ ఉండాలి. సీబీఎస్‌ఈ అయితే టైప్-1 పిల్లలు పరీక్ష హాల్లోకి తినడానికి తీసుకెళ్లవచ్చని 2017లోనే చెప్పింది. మీది వేరే బోర్డయినా డాక్టర్ లెటర్ పెట్టి హెడ్‌మాస్టర్‌తో మాట్లాడండి.

స్వీట్లంటారా, పండగపూట భోజనంతోపాటు ఒకటి, దానికి తగ్గ ఇన్సులిన్ వేసి, పెట్టవచ్చు. ఎంత వేయాలో డైటీషియన్ నేర్పుతారు. కానీ ఇప్పుడు కాదు, రాత్రి డోసు కుదిరి షుగర్ అదుపులోకి వచ్చాక.

చిన్నవాళ్లు ఇంకెవరైనా ఇంట్లో ఉన్నారా? పాపకు తమ్ముడో చెల్లెలో ఉండి, వాళ్లు ఎక్కువగా నీళ్లు తాగుతున్నా, మూత్రానికి పదేపదే లేస్తున్నా ఆ రోజే వేలి నుంచి ఒక చుక్క తీసి చూడండి. పాపకు థైరాయిడ్, సీలియాక్ (గోధుమల్లోని గ్లూటెన్ పడని జబ్బు) పరీక్షలు చేయించకపోయి ఉంటే ఈసారి వెళ్లినప్పుడు అడగండి, టైప్-1 పిల్లల్లో అవీ తోడయ్యే అవకాశం ఎక్కువ. హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) మూడు నెలలకోసారి.

వెళ్లేటప్పుడు మీటర్, ఇన్సులిన్, వాడుతున్న సిరంజి, ఆ గ్యాస్ సిరప్, ఆ పొడి డబ్బా అన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్లండి. డాక్టర్ తిడతారేమోనని పొడి సంగతి దాచకండి.