పడవకి బ్రేకు ఉండదండీ!

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో శాన్ డియేగోలో ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చే నెల నేనూ మావారూ వాడి దగ్గరికి వెళ్తున్నాం. ఊరి పక్కనున్న సముద్రపు పాయలో మనమే స్టీరింగ్ పట్టుకుని నడుపుకునే చిన్న స్పీడ్‌బోటు షికారు ఉందట. అడక్కుండానే ఇద్దరికీ టికెట్లు కొనేశాడు. మావారికి 63 ఏళ్లు. "ముప్పై ఏళ్లు చేతక్ నడిపాను, ఇదో లెక్కా" అంటున్నారు. నాకేమో ఈత రాదు. 2019లో కచ్చులూరు దగ్గర పడవ మునిగినప్పుడు టీవీ ముందు కూర్చుని ఏడ్చినదాన్ని. అసలు లైసెన్సు లేకుండా నడపనిస్తారా? నీళ్లలో పడితే ఏం చెయ్యాలి? వెళ్లమంటారా, మానెయ్యమంటారా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: వెళ్లండమ్మా. కాకపోతే బయల్దేరేముందు మీవారికి ఒక్క మాట చెప్పండి: పడవకి బ్రేకు ఉండదు. చేతక్ అనుభవం అక్కరకొచ్చేది అక్కడిదాకానే.

ఇది నేను పుస్తకంలో చదివి చెబుతున్నది కాదు. రెండేళ్ల కిందట అక్టోబరులో మా అల్లుడు నన్నూ మా ఆవిణ్ణీ ఆ నీళ్ల మీదికే తీసుకెళ్లాడు. ధవళేశ్వరంలో ఇరవయ్యారేళ్లు ఇరిగేషన్‌లో పనిచేసినవాణ్ణి, పంటు దాటడం, లాంచీ ఎక్కడం నాకు సిటీబస్సు ఎక్కినట్టే. సరంగు పక్కన నిలబడి ఎన్ని వరదలు చూశానో! ఆ ధీమాతోనే ఒడ్డున కుర్రాడు పాఠం చెబుతుంటే సగం విని సగం వదిలేశాను. మా ఆవిడకి ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా వాడి చేతులవైపే చూస్తూ కూర్చుంది. చివరికి ఎవరు బాగా నడిపారో మీరే ఊహించుకోండి.

ముందు లైసెన్సు సంగతి. కాలిఫోర్నియాలో ఇంజను పడవ నడిపేవాళ్లకి బోటర్ కార్డు అని ఒకటి ఉండాలి, 2025 నుంచి అన్ని వయసులవాళ్లకీ. అద్దె పడవ నడిపేవాళ్లకి మాత్రం దాన్నుంచి మినహాయింపు ఉంది. అందుకే మనలాంటి చుట్టపుచూపుగా వచ్చినవాళ్లకి కూడా స్టీరింగ్ ఇస్తారు. ఇచ్చేముందు నాలుగు కాగితాల మీద సంతకం పెట్టించుకుంటారు. పడవకి గీత పడితే ఎంత కట్టాలో అందులోనే ఉంటుంది. మీ అబ్బాయిని కూర్చోబెట్టి ఆ పేరా చదివించండి. అలాగే మీరు తీసుకున్న ట్రావెల్ ఇన్సూరెన్సులో ఇలాంటి ఆటలు కలిశాయో లేదో చూడమనండి. చాలా పాలసీల్లో కలవవు.

ఇక నడపడం. మా పడవలు ఇద్దరు పట్టే బుల్లివి. ముందు గైడు తన పడవలో వెళ్తుంటే, కోడి వెనక పిల్లల్లా మనం వరసగా వెళ్లాలి. అతని మాటలు రేడియోలో వినిపిస్తాయి. వినిపిస్తాయంటే, ఇంజను మోతలో "గుర్‌ర్‌... స్లో... గుర్‌ర్‌" అని. అందుకే ఏ సైగకి ఏమిటర్థమో ఒడ్డునే అడిగి తెలుసుకోండి.

స్కూటరుకీ కారుకీ ముందు చక్రం తిరుగుతుంది. ఈ పడవకి ఇంజను వెనకుంటుంది కాబట్టి తోక తిరుగుతుంది. కుడికి తిప్పితే మూతి కుడికి పోతుంది, వెనకభాగం ఎడమకి జారుతుంది. పక్కనే రాయో మరో పడవో ఉంటే తగిలేది ఆ వెనకభాగమే. ఇంకో చిక్కుంది. వెనక ఇంజను నీళ్లని తోస్తుంటేనే స్టీరింగ్ పనిచేస్తుంది. ఎదర ఏదో కనిపించి, కంగారులో థ్రాటిల్ (వేగం పెంచే, తగ్గించే పిడి) పూర్తిగా తగ్గించేసి స్టీరింగ్ తిప్పితే అది మన మాట వినదు, వెళ్లే దారినే వెళ్తుంది. నాకు సరిగ్గా ఇదే జరిగింది. తిరిగొచ్చి రేవులో పెట్టేటప్పుడు పాతిక అడుగుల దూరంలో థ్రాటిల్ తగ్గించాను. ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. కాలు దానంతటదే కింద బ్రేకు కోసం వెతుకుతోంది, అక్కడ ఉంటేగా! రేవుకి కట్టిన రబ్బరు దిండుని మూతితో గుద్ది, బంతిలా వెనక్కొచ్చాం. అక్కడున్న కుర్రాడు మోకాళ్ల మీద వంగి, తాడందుకుని నవ్వుతూ "నో ప్రాబ్లం సర్" అన్నాడు. ఆ 'సర్' ఎందుకన్నాడో నాకు తెలుసు.

అందుకని మీవారికి రెండే సూత్రాలు చెప్పండి. ఎక్కడ ఆగాలో దానికి చాలా ముందే వేగం తగ్గించాలి. తిప్పాలంటే కొంచెం థ్రాటిల్ ఉంచే తిప్పాలి.

రోడ్డు అలవాటు ఇంకోటి కూడా వదిలించుకోవాలి. మనం ఎడమచేతి వైపు వెళ్లేవాళ్లం. నీళ్ల మీద ఏ దేశంలోనైనా పద్ధతి ఒకటే, కుడివైపే. ఎదురుగా పడవ వస్తే ఇద్దరూ కుడికి తప్పుకోవాలి. మన కుడిచేతివైపు నుంచి అడ్డంగా వచ్చే ఇంజను పడవకి మనమే దారివ్వాలి, తెరచాప పడవకి అయితే ఎటునుంచి వచ్చినా సరే. నీళ్లలో దారి గుర్తులుగా తేలే ఎర్ర బోయా, ఆకుపచ్చ బోయా కనిపిస్తాయి. సముద్రంలోంచి రేవులోకి వచ్చేటప్పుడు అమెరికాలో ఎర్రది కుడిచేతికి ఉండాలి. మన విశాఖలో, కాకినాడలో అదే ఎర్రది ఎడమచేతికి! మా ఆవిడతో ఈ సంగతి అంటే, "మీరు బోయాలు చూడకండి, ముందున్న గైడు పిల్లాణ్ణి చూడండి చాలు" అంది. అదీ నిజమే.

ఇప్పుడు మీ భయం. కచ్చులూరు నాకూ కళ్లముందే ఉంటుందమ్మా, మా గోదావరి కదా. అది వరదగోదావరి. కొండల మధ్య ఇరుకు, సుడులు. శాన్ డియేగో పాయ అలాంటిది కాదు. దాదాపు 19 కిలోమీటర్ల పొడవున కొడవలిలా వంగి, సముద్రానికీ దీనికీ మధ్య కొరొనాడో అనే నేల అడ్డుగా ఉంటుంది కాబట్టి పెద్ద అలలు లోపలికి రావు. అక్కడ వచ్చేవి మనుషులు పుట్టించే అలలు. ఓ పెద్ద షికారు పడవో ఫెర్రీనో దాటిపోయాక, దాని వెనక రెండువైపులా కెరటాలు విప్పుకుంటూ వస్తాయి. అవి మనదాకా వచ్చేసరికి ఆ పడవ ఎక్కడో ఉంటుంది, మనం ఏమరుపాటుగా ఉంటాం.

మాకు తగిలింది మిడ్‌వే దాటాక. మిడ్‌వే అంటే 1945లో అమెరికా నౌకాదళంలో చేరిన విమానవాహక నౌక, 2004 నుంచి మ్యూజియంగా ఒడ్డునే నిలబెట్టారు. దాని పక్కనుంచి వెళ్తుంటే తల ఎత్తి చూడకుండా ఉండలేం, ధవళేశ్వరం ఆనకట్ట కింద నిలబడ్డ చీమలా అనిపించింది నాకు. అలా తల ఎత్తినప్పుడే కెరటం వచ్చింది. వేగం తగ్గించలేదు. మూతి గాల్లోకి లేచి దభీమని పడింది. నడుము కింద ఎవరో పలకతో కొట్టినట్టయింది. మా ఆవిడ నాలిక కరుచుకుంది. ఓ పది సెకన్లు మాట్లాడలేదు. తర్వాత చాలా మాట్లాడింది. కెరటం కనబడగానే వేగం తగ్గించి, దాన్ని కొంచెం ఏటవాలుగా ఎదుర్కోవాలని ఒడ్డున చెప్పాడట. నేను వదిలేసిన సగంలో ఉందది. పక్కనున్నవాళ్ల పని కూడా అదేనమ్మా: కెరటాలు చూసి ముందే చెప్పడం. మీరు భయపడుతూ కూర్చునే బదులు ఆ ఉద్యోగం చెయ్యండి. భయం సగం తగ్గుతుంది.

మీలో ఎవరికైనా నడుము ఆపరేషన్ అయ్యుంటే, డిస్కు నొప్పి ఉంటే మాత్రం ఇది వద్దు. ఇందులో మొహమాటం పనికిరాదు. అబ్బాయి డబ్బులు పోతే పోతాయి. నా నడుము నాలుగు రోజులు పట్టేసింది, ఏ జబ్బూ లేకుండానే.

నీళ్లలో పడితే ఏమిటన్నారు. లైఫ్ జాకెట్ వేసి బకిల్స్ బిగించాక, మీవారిని వెనక నిలబడి దాని భుజాలు పట్టుకుని పైకి లాగమనండి. గడ్డందాకా లేచొస్తే అది వదులు, చిన్న సైజు అడగండి. పెద్దదైతే ఫరవాలేదులే అనుకోకండి, నీళ్లలో మనిషి కిందకీ జాకెట్ పైకీ పోతాయి. ఈత రాకపోయినా జాకెట్ తేలుస్తుంది. తెలుసుకోవలసింది చలి గురించి. అక్కడి పసిఫిక్ నీళ్లు మన బంగాళాఖాతంలా గోరువెచ్చగా ఉండవు, వేసవిలో కూడా. పడగానే ఊపిరి ఎగబీలుస్తుంది. ఆ మొదటి నిమిషం చేతులూ కాళ్లూ కొట్టుకోకుండా, వెనక్కి వాలి ముఖం ఆకాశం వైపు పెట్టి ఊపిరి అందుకోవాలి. గైడు మీ దగ్గరికి వస్తాడు.

మరి నడిపేవారే పడిపోతే? దానికో ఏర్పాటుంది. స్టీరింగ్ పక్కనుంచి పాతకాలపు టెలిఫోను తీగలా చుట్టలు చుట్టుకున్న ఎర్రతాడు ఒకటి ఉంటుంది. దాని చివరి క్లిప్పు నడిపేవారి జాకెట్‌కో మణికట్టుకో తగిలిస్తారు. మనిషి పడితే తాడు ఊడొస్తుంది, ఇంజను అక్కడికక్కడే ఆగిపోతుంది. 2021 ఏప్రిల్ నుంచి చిన్న పడవలు వేగంగా నడిపేటప్పుడు అది తగిలించుకోవడం అమెరికాలో తప్పనిసరి. చేతికడ్డమని తీసెయ్యకుండా చూసే బాధ్యత మీది. మేం మధ్యలో సీట్లు మారినప్పుడు అది నా జాకెట్‌కే ఉండిపోయింది. లేచేసరికి ఇంజను టక్కున ఆగింది. పడవ చెడిపోయిందనుకుని నాకు ఒకటే టెన్షన్. మా ఆవిడ నింపాదిగా తాడు నా దగ్గర్నుంచి తీసి తన జాకెట్‌కి పెట్టుకుంది.

అవును, వచ్చేటప్పుడు ఆవిడే నడిపింది. సైకిల్ కూడా తొక్కని మనిషి. రోడ్డు అలవాట్లేవీ లేవు కాబట్టి మరిచిపోవలసిందీ లేదు. చెప్పింది చెప్పినట్టు చేసింది. కెరటం వస్తే తగ్గించింది, పోయాక పెంచింది. రేవు దగ్గరికొచ్చాక మాత్రం నా పరువు కోసమో ఏమో, "ఇక మీరు పెట్టండి" అని స్టీరింగ్ ఇచ్చేసింది. తర్వాత జరిగింది పైన చెప్పానుగా. కాబట్టి మీరూ సగం దారి స్టీరింగ్ తీసుకోండమ్మా. సీట్లు మారేటప్పుడు మాత్రం పడవ ఆగాకే, వంగి, ఒకరి తర్వాత ఒకరు.

పొద్దుటి పూట టైము తీసుకోండి. మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి లేస్తుంది, నీళ్లు గరుకెక్కుతాయి. మే, జూన్ అయితే పొద్దున్నే మబ్బు ముసురుకుని ఉంటుంది కాబట్టి పదకొండు దాటాక వెళ్లండి. చీర వద్దు, పంజాబీ డ్రెస్సయినా చున్నీ లేకుండా, పైన గాలి చొరని జాకెట్. కళ్లజోడుకి తాడు కట్టుకోండి.

దారిలో యుద్ధనౌకలు కనిపిస్తే మీవారు ఫొటో కోసం దగ్గరికి పోనిస్తారేమో, అది మాత్రం కుదరదు. నౌకాదళం ఓడకి 500 గజాల లోపలికి వస్తే పడవ మెల్లగా పోవాలి, 100 గజాల లోపలికి అసలు పోకూడదు. కావలి పడవల్లో తుపాకులతో ఉంటారు, చేతక్ కథలు వినరు. కొరొనాడో వంతెన వంపు, పాయింట్ లోమా దగ్గర తేలే తెప్పల మీద గుంపులుగా పడుకుని అరిచే సీ లయన్లు, ఇవన్నీ చూడ్డానికి ఎలాగూ బాగుంటాయి. నేను చెప్పేది ఇంకోటి. మిడ్‌వేకి కాస్త అవతల ఒడ్డున స్టార్ ఆఫ్ ఇండియా అనే పాత తెరచాప ఓడ ఉంటుంది. 1863లో కట్టినది, అప్పటి పేరు యూటర్పీ. కలకత్తాకి రెండోసారి వెళ్తుండగా 1865లో మన బంగాళాఖాతంలోనే తుపానుకి చిక్కింది. తెరచాప స్తంభాలు నరికేసుకుని, ఈడ్చుకుంటూ శ్రీలంకలోని ట్రింకోమలీ చేరింది. మన తుపాను తిన్న ఓడ అంత దూరాన ఇంకా నీళ్ల మీద ఉంది. షికారు అయ్యాక టికెట్టు కొని పైకెక్కండి. ఇక్కడ థ్రాటిల్ గొడవ లేదు.

ప్రశ్న: హుస్సేన్‌సాగర్‌లో స్పీడ్‌బోటు ఎక్కాను. డ్రైవరుని ఎంత బతిమాలినా స్టీరింగ్ ఇవ్వలేదు. అమెరికాలో ఇస్తారు, మన దగ్గర ఎందుకివ్వరు?
– ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, హైదరాబాద్

జవాబు: ఇవ్వకపోవడమే మంచిదయింది బాబూ. అక్కడ ముందు పాఠం చెప్పి, మెడకి గైడుని తగిలించి, మైళ్లకొద్దీ విశాలమైన నీళ్లలోకి వదులుతారు. నువ్వు పాఠం లేకుండా, పక్కనే జనంతో నిండిన పెద్ద బోట్లు తిరిగే చోట అడిగావు. 1990లో బుద్ధ విగ్రహాన్ని తరలిస్తుంటే తెప్పతో సహా మునిగి మనుషులు పోయారు. విగ్రహం మళ్లీ పైకి లేచి రాతి మీద నిలబడింది 1992లో. ఆ నీళ్లని తేలిగ్గా తీసుకోకు. ఈసారి వెళ్తే డ్రైవరు పక్క సీటు అడుగు. బుద్ధుడి చుట్టూ మలుపు తిరిగేటప్పుడు అతని చెయ్యి థ్రాటిల్ మీద ఏం చేస్తోందో చూడు. తిప్పేముందు తగ్గిస్తాడు, తిప్పుతూ కొంచెం పెంచుతాడు. నేను రబ్బరు దిండుని గుద్ది నేర్చుకున్నది నువ్వు ఐదు నిమిషాల్లో ఊరికే నేర్చుకోవచ్చు.

ప్రశ్న: స్పీడ్‌బోటులో వాంతులవుతాయా? ఖాళీ కడుపుతో వెళ్లాలా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: వేగంగా పోతున్నప్పుడు సాధారణంగా కావు. ఆగి ఊగుతున్నప్పుడే తిప్పుతుంది. అప్పుడు ఫోను లోపల పెట్టేసి దూరంగా ఒడ్డుని చూడండి. ఖాళీ కడుపు ఇంకా చెడ్డది, రెండు ఇడ్లీ తినండి. పెసరట్టు ఉప్మా మాత్రం తిరిగొచ్చాకే.