మా సైటు సర్టిఫికెట్‌కి (సైటు అసలుదేనని బ్రౌజర్‌కి చూపే డిజిటల్ పత్రం) ఇంకా గడువుంది, నా క్రోమ్‌లో సైటు బాగానే తెరుచుకుంటోంది. మరి కస్టమర్ల ఫోన్లలో హెచ్చరిక ఎందుకు వస్తోంది?

గుంటూరు పట్నంబజారులో మీ మిర్చి షాపు, డబ్బు కట్టి తీసుకున్న సర్టిఫికెట్, ఎంజినెక్స్ (సైటు పేజీల్ని పంపే సాఫ్ట్‌వేర్) సర్వర్. కంప్యూటర్‌లో తేడా లేదు, ఫోన్లో ఏదో ఒక యాప్‌లోంచి లింకు నొక్కినవాళ్లకే హెచ్చరిక వస్తోంది అన్నారు. ఇలా ఉంటే ముందు అనుమానించాల్సింది ఇంటర్మీడియట్ సర్టిఫికెట్‌నే.

బ్రౌజర్ నమ్మేది పైనున్న రూట్‌ని, అంటే సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థ అసలు సర్టిఫికెట్‌ని. మీ సర్టిఫికెట్ మీద సంతకం చేసింది రూట్ కాదు, దాని కింద ఉండే ఇంటర్మీడియట్. ఆ మధ్య కాగితాన్ని మీ సర్వరే పంపాలి. పంపకపోయినా క్రోమ్ తనే వెతికి తెచ్చుకుంటుంది, అందుకే మీకు తప్పు కనపడలేదు. ఆండ్రాయిడ్ యాప్‌ల లోపల తెరుచుకునే పేజీలు అలా తెచ్చుకోవు. పేమెంట్ గేట్‌వే మీ సర్వర్‌కి పంపే ‘డబ్బు ముట్టింది’ కబురు కూడా ఇందువల్లే ఆగిపోవచ్చు, ఆ ఆర్డర్లు ఒకసారి సరిచూసుకోండి.

ఇది తేల్చుకోవడానికి, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే టూల్‌లోని ఎస్‌_క్లయింట్ కమాండ్‌తో మీ డొమైన్ 443 పోర్టుకి కనెక్ట్ అవ్వండి. ‘వెరిఫై రిటర్న్ కోడ్’ దగ్గర 21 ఉంటే ఇదే సమస్య. అక్కడ 0 రావాలి.

సర్టిఫికెట్‌తో వచ్చిన జిప్‌లో మీ డొమైన్ ఫైలు, ఇంటర్మీడియట్ ఉండే ‘సీఏ బండిల్’ అని ఇంకో ఫైలు ఉంటాయి. రెండూ కలిపి ఒకే ఫైలు చేయాలి. మీది పైన, బండిల్ కింద. తారుమారైతే ఎంజినెక్స్ మొదటి సర్టిఫికెట్‌ని మీ ప్రైవేట్ కీతో (సర్టిఫికెట్‌కి జతగా సర్వర్‌లో ఉండే రహస్య ఫైలు) పోల్చి, ‘కీ వాల్యూస్ మిస్‌మ్యాచ్’ అని లేవనంటుంది. కీ పోయిందనుకుని కొత్త సర్టిఫికెట్ కొనేయకండి, వరుస మారిస్తే చాలు. ఇంకో చిక్కు: మీ ఫైలు చివర ఎంటర్ లేకపోతే, కలిపినప్పుడు ‘ఎండ్ సర్టిఫికెట్’ గీతలూ ‘బిగిన్ సర్టిఫికెట్’ గీతలూ ఒకే లైన్లో అతుక్కుపోతాయి. అప్పుడు ‘బ్యాడ్ ఎండ్ లైన్’ అంటుంది. ఫైలు తెరిచి, ఆ రెండింటి మధ్య ఎంటర్ కొట్టండి.

తర్వాత ఎంజినెక్స్ సెట్టింగుల ఫైల్లో ‘ఎస్‌ఎస్‌ఎల్_సర్టిఫికెట్’ లైన్లో ఈ కొత్త ఫైలు దారి ఇచ్చి, ‘ఎంజినెక్స్ -టీ’తో పరీక్షించి, అది సరే అన్నాకే రీలోడ్ చేయండి. వ్యాపారం నడిచే వేళ సర్వర్ ఆపక్కర్లేదు.

డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూతో ఒకలా, అది లేకుండా ఒకలా వస్తుంటే సంగతి వేరు: రెండు పేర్లూ సర్టిఫికెట్‌లో ఉండాలి. ఒక్క ఫోన్లోనే వస్తుంటే ముందు ఆ ఫోన్ తేదీ చూడమనండి.

అంతవరకూ కస్టమర్లకి ‘అడ్వాన్స్‌డ్ నొక్కి లోపలికి రండి’ అని మాత్రం దయచేసి చెప్పకండి. అలా అలవాటైనవాళ్లు రేపు దొంగ సైటులోనూ అదే నొక్కి కార్డు నంబరు ఇచ్చేస్తారు.

ఈ ఫైళ్లు చేత్తో అతికించే పని ఇకముందు తరచుగా వస్తుంది. 2026 మార్చి 15 నుంచి ఇచ్చే సర్టిఫికెట్లకు గరిష్ఠ గడువు 200 రోజులు, 2029 మార్చి 15 నుంచి 47 రోజులే. సర్టిఫికెట్‌ని తనే రెన్యూ చేసే సర్ట్‌బాట్ అనే ప్రోగ్రామ్ పెట్టుకుని, సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థ లెట్స్ ఎన్‌క్రిప్ట్‌కి మారడం మేలు, ఖర్చు లేదు. అందులోనూ ‘సర్ట్.పెమ్’ కాదు, ‘ఫుల్‌చెయిన్.పెమ్’ దారి ఇవ్వండి, లేకపోతే మళ్లీ ఇదే హెచ్చరిక. రెన్యూ అయ్యాక ఎంజినెక్స్ తనంతట తాను రీలోడ్ అయ్యేలా డిప్లాయ్ హుక్ (రెన్యూ కాగానే నడిచే కమాండ్) కూడా పెట్టండి. అది లేకపోతే డిస్కులో కొత్త సర్టిఫికెట్ ఉన్నా, సర్వర్ పాతదే పంపుతూ ఉంటుంది.